దేశంలో సగం కరెంటు బొగ్గు లేకుండానే అంటున్నారు, మరి దామరచర్లలో 4000 మెగావాట్లు ఎందుకు?

చెలక_దేవరకొండ

అందరికీ నమస్కారం. మాది దేవరకొండ దగ్గర. నాలుగెకరాల చెలక, ఒక బోరు, 5 హెచ్‌పీ మోటరు. సబ్‌స్టేషన్ మా చెలకకు దగ్గరే కాబట్టి సోలార్ ప్లాంటుకు లీజుకిస్తావా అని ఈమధ్య ఒకతను వచ్చి అడిగి పోయాడు. 25 ఏళ్ల ఒప్పందం అంటున్నాడు. ఇవ్వాలా వద్దా అన్నది తర్వాతి మాట, ముందు నాకు ఇంకో సంగతి తేలాలి.

2025 జూన్ చివరికి దేశంలో ఉన్న కరెంటు సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాస్ కానిదేనని పేపర్లో చదివాను. 2030కి పెట్టుకున్న గురి అయిదేళ్లు ముందే అందుకున్నారట. సంతోషం. అదే సమయంలో మన దామరచర్లలో 4000 మెగావాట్ల బొగ్గు ప్లాంటు యూనిట్ వెనక యూనిట్ మొదలవుతోంది. దేశంలో బొగ్గు తవ్వకం కూడా 2024-25లో వంద కోట్ల టన్నులు దాటింది. ఈ రెండూ ఒకేసారి ఎట్లా కుదురుతాయి? మా అబ్బాయి డిగ్రీ చదువుతున్నాడు, "బొగ్గు పని అయిపోయింది నాన్నా" అంటాడు. మా లైన్‌మన్ ఇంకో ముప్పై ఏళ్లు బొగ్గే దిక్కు అంటాడు. తెలిసినవాళ్లు కొంచెం విడమరిచి చెప్పండి.

ఫిజిక్స్_సార్_నల్లగొండ

మీరు చదివింది నిజమే. లైన్‌మన్ మాట కూడా నిజానికి దగ్గరే. పేపర్లో వచ్చింది సామర్థ్యం లెక్క, ఆయన చూస్తున్నది ఉత్పత్తి లెక్క.

దేశంలో మొత్తం సామర్థ్యం ఆ నాటికి 485 గిగావాట్లు (ఒక గిగావాట్ అంటే వెయ్యి మెగావాట్లు). అందులో సగం సోలార్, గాలి, జలవిద్యుత్, అణు, బయోమాస్ అన్నీ కలిపి. కానీ ఏడాది పొడుగునా తయారైన యూనిట్లు చూస్తే నూటికి 70కి పైగా బొగ్గువే. పదెకరాల మెట్ట చేను ఉన్నా, బోరు కింద మూడెకరాల మడి ఉన్నా, ఇంట్లోకి గింజలు ఎక్కడి నుంచి ఎక్కువ వస్తాయో మీకు నేను చెప్పక్కర్లేదు. సోలార్ ఒక మెగావాట్‌కు ఏడాదికి 15-16 లక్షల యూనిట్లు ఇస్తుంది. అదే ఒక మెగావాట్ బొగ్గు ప్లాంటు 70 శాతం నడిస్తే 61 లక్షల యూనిట్లు వస్తాయి. పేపర్లో రెండింటినీ ఒక మెగావాట్, ఒక మెగావాట్ అనే రాస్తారు.

ఇంకో సంగతి వేళ. 2024 మే 30న దేశంలో డిమాండ్ 250 గిగావాట్లకు చేరింది. పగలు వచ్చే డిమాండ్‌కు సోలార్ చెయ్యి వేస్తుంది. పొద్దుగూకిన తర్వాత ఏడు నుంచి పదకొండు దాకా ప్రతి ఇంట్లో ఫ్యాన్, టీవీ, ఏసీ తిరుగుతాయి, అప్పుడు ప్యానెల్ సున్నా. ఆ నాలుగైదు గంటల్లోనే బొగ్గు ప్లాంట్లు అన్నిటికన్నా ఎక్కువ కావాల్సి వస్తున్నాయి. అట్లాగని ఆ నాలుగు గంటల కోసం బాయిలర్‌ను సాయంత్రం వెలిగించి రాత్రికి ఆర్పలేరు. పగలంతా కనీసం సగం లోడు మీదన్నా నడుపుతూ ఉంచాలి.

మిల్లు_మిర్యాలగూడ

సార్ లెక్క బాగుంది. నేను ఇంకో వైపు నుంచి చెప్తాను, ఎవరూ తప్పుగా అనుకోవద్దు.

2012 నుంచి 2014 దాకా పవర్ హాలిడేలు ఎంతమందికి గుర్తున్నాయో తెలియదు. మాకు బాగా గుర్తు. బాయిల్డ్ రైస్ అంటే వడ్లను వేడినీళ్ల ట్యాంకుల్లో నానబెట్టి, ఆవిరి పట్టి, డ్రయ్యర్‌లో ఆరబెట్టాలి. ఆవిరికి మాకు బొగ్గు అక్కర్లేదు, మా ఊకే బాయిలర్‌కు సరిపోతుంది. కానీ ఎలివేటర్, బ్లోవర్, పాలిషర్, సార్టెక్స్ మిషన్ అన్నీ కరెంటు మీదే. ఆవిరి పట్టిన వడ్లు డ్రయ్యర్‌లో ఉండగా బ్లోవర్ ఆగిందంటే లోపల వేడెక్కిపోతాయి. బియ్యం రంగు మారుతుంది, వాసన వస్తుంది. ఆ లాట్ తర్వాత ఎవరూ తీసుకోరు. ఒక్క రాత్రి పోయిన కరెంటుకు సీజన్ లాభం పోయిన మిల్లులు ఉన్నాయి. హమాలీలు కూలి లేకుండా గేటు దగ్గర కూర్చునేవాళ్లు.

అందుకే బొగ్గు ప్లాంటు వద్దు అనే మాట విన్నప్పుడల్లా నాకు ఆ రాత్రులే గుర్తొస్తాయి. గ్యాస్ పెట్టుకుందామంటే కృష్ణా-గోదావరి (కేజీ) బేసిన్ గ్యాస్‌ను నమ్ముకుని కట్టిన ప్లాంట్ల గతి చూశాం. దేశంలో 20 వేల మెగావాట్ల దాకా గ్యాస్ ప్లాంట్లు ఉన్నాయి, చాలావాటికి గ్యాస్ అందక ఏడాదిలో ఎక్కువ రోజులు ఖాళీ. మా మిల్లు కప్పు మీద సోలార్ పెట్టాం, పగలు బిల్లు తగ్గింది, అది కాదనను. రాత్రి షిఫ్టుకు మాత్రం గ్రిడ్డే దిక్కు.

వాడపల్లి_ఒడ్డు

మీ రాత్రి షిఫ్టు కష్టం అర్థమైంది అన్నా. ప్లాంటు పక్కన ఉన్నవాళ్ల లెక్క కూడా ఒకసారి వినండి.

4000 మెగావాట్లు ఒక రోజంతా పూర్తిగా నడిస్తే 9 కోట్ల 60 లక్షల యూనిట్లు. యూనిట్‌కు 600 గ్రాముల బొగ్గు వేసుకున్నా 57 వేల టన్నులు. ఒక గూడ్సు రేక్‌లో సుమారు 4 వేల టన్నులు వస్తుంది. అంటే రోజుకు 14 రైళ్లు. విష్ణుపురం స్టేషన్ నుంచి లోపలికి ప్రత్యేకంగా లైను వేసింది అందుకే. మన బొగ్గులో బూడిద 35 నుంచి 40 శాతం. రోజుకు 20 వేల టన్నుల బూడిద! అయిదు యూనిట్లూ నిండుగా నడిచే రోజు లెక్క ఇది.

ఇక్కడే ఎందుకు అంటే, కృష్ణ నీళ్లు, రైలు దారి, ఓడరేవులకు దగ్గర. మొదట దిగుమతి బొగ్గు కూడా కలపాలని అనుకున్నారు. 2015లో శంకుస్థాపన అయింది. తర్వాత బొగ్గు ఎక్కడిదన్న లెక్క మారింది. 2022లో జాతీయ హరిత ట్రిబ్యునల్ పర్యావరణ అనుమతిని ఆపి, మళ్లీ అధ్యయనం చేయమంది. చివరికి 2024 డిసెంబరులో తొలి 800 మెగావాట్ల యూనిట్ జాతికి అంకితమైంది. సింగరేణి బొగ్గు గోదావరి పక్క నుంచి ఇక్కడిదాకా రైలెక్కి రావాలి. ఆ కిరాయి కూడా మన యూనిట్ ధరలోనే పడుతుంది.

మా దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలు ఉండటం కొంత నయం. వాడపల్లి, మేళ్లచెరువు, హుజూర్‌నగర్ వైపు సిమెంటులో బూడిద కలుపుతారు, పీపీసీ సిమెంటులో 35 శాతం దాకా కలపొచ్చు. కానీ వాళ్లు అడిగేది పొడి బూడిద. నీళ్లలో కలిపి బూడిద చెరువుకు పంపింది మళ్లీ సిమెంటుకు పెద్దగా పనికిరాదు. అందుకే మేం ఎక్కడ మీటింగ్ పెట్టినా ఒక్కటే అడుగుతాం, పొడిగా ఎంత ఎత్తారు, చెరువుకు ఎంత పోయింది, నెల నెలా బోర్డు మీద రాయండి అని. ఆ చెరువు కింద మా బోర్లు ఉన్నాయి. ఫ్లోరైడ్ నీళ్లు తాగి రెండు తరాలు నడుములు వంగిన జిల్లా ఇది. నీళ్ల మాటంటే మాకు భయం ఉంటుంది.

ఫిజిక్స్_సార్_నల్లగొండ

బూడిదతో పాటు గంధకం సంగతి కూడా గట్టిగా అడగాల్సిందే. పొగలో గంధకాన్ని పట్టే ఎఫ్‌జీడీ పెట్టాలని 2015లో నిబంధన వచ్చింది. గడువు 2017 అన్నారు, మళ్లీ మళ్లీ జరిపారు. 2025 జూలైలో కేంద్ర ప్రభుత్వంవాళ్లు దేశంలో ఎక్కువ ప్లాంట్లకు ఆ అవసరమే లేదని తేల్చేశారు. మన బొగ్గులో గంధకం తక్కువ అన్నది వాళ్ల వాదన. తక్కువే, కానీ కాల్చేది వేల టన్నులు కదా. గాలిలోకి వెళ్లిన ఆ గంధక వాయువు కొన్ని గంటల నుంచి కొన్ని రోజుల్లో సన్నని ధూళిగా మారి వందల కిలోమీటర్లు పోతుంది. నల్లగొండలో ఆస్తమా పిల్లలను క్లాసులో రోజూ చూసేవాడిగా నాకు ఇది చిన్న విషయంగా అనిపించదు.

33కేవీ_నైట్‌షిఫ్ట్

నేను 33/11 కేవీ సబ్‌స్టేషన్‌లో షిఫ్ట్ ఆపరేటర్‌ని, పాత మహబూబ్‌నగర్ జిల్లాలో. దేశం లెక్కలు సార్ చెప్పారు, నేను గంట గంటకూ లాగ్‌బుక్‌లో రాసేది చెప్తాను.

మా సబ్‌స్టేషన్‌కు ఒక చిన్న సోలార్ ప్లాంటు 11 కేవీ మీద కలిసి ఉంది. యాసంగిలో పొద్దున ఆరు నుంచి మోటర్లు ఒక్కొక్కటిగా ఎక్కుతాయి, ఎనిమిదికల్లా ట్రాన్స్‌ఫార్మర్ నిండుతుంది. తొమ్మిదిన్నర దాటాక పై నుంచి వచ్చే 33 కేవీ లైన్ మీద ఆంపియర్లు తగ్గుతూ వస్తాయి. ఫీడర్ల మీద లోడు తగ్గలేదు, మన పక్క చెలకలో తయారైనదే మన మోటర్లు తాగుతున్నాయి. మధ్యాహ్నం పన్నెండుకు కొన్ని రోజులు పై నుంచి తీసుకునేది నామమాత్రం. వానాకాలంలో మోటర్లు ఆగి ఎండ బాగా కాసిన రోజు కరెంటు వెనక్కి, పై లైన్‌లోకి పోవడం కూడా చూశాను. సాయంత్రం అయిదుంపావు నుంచి మళ్లీ పై నుంచి తీసుకునేది పెరుగుతుంది. ఆరున్నరకు పూర్తిగా పై లైన్ మీదే.

రాత్రి పది తర్వాత కూడా మా వ్యవసాయ ఫీడర్ల మీద లోడు సున్నా కాదు. ఎందుకంటే ఆటో స్టార్టర్లు. కరెంటు ఉన్నంతసేపు మోటరు తిరుగుతూనే ఉంటుంది, రైతు ఇంట్లో నిద్రపోతుంటాడు, నీళ్లు కట్ట దాటి పోతుంటాయి. ఆ రాత్రి యూనిట్ దాదాపు మొత్తం బొగ్గుదే. నా షిఫ్టులో నాకు ఎప్పుడూ బాధ అనిపించేది ఇదే.

చెలక_దేవరకొండ

ఆపరేటర్ తమ్ముడు చెప్పింది వాస్తవం. కానీ రాత్రి కరెంటు ఎందుకు వదులుకోలేకపోతున్నామో కూడా రాయాలి. 2018 జనవరి 1 నుంచి 24 గంటలు వచ్చింది. అంతకుముందు విడతల వారీగా ఇచ్చేవాళ్లు, అందులో ఒక విడత అర్ధరాత్రి. టార్చిలైట్ పట్టుకుని మడిలోకి పోయేవాళ్లం. పాము కరిచి పోయినవాళ్లు, తడి చేత్తో స్టార్టర్ ముట్టుకుని పోయినవాళ్లు మా చుట్టుపక్కల ప్రతి ఊళ్లో ఉన్నారు. ఇప్పుడు ఎవరైనా "పగలు మాత్రమే ఇస్తాం" అంటే రైతుకు వినపడేది ఒక్కటే, మళ్లీ కోతలు మొదలయ్యాయని. ఆ భయం పోగొట్టకుండా ఎంత మంచి పథకం పెట్టినా ఊళ్లో నడవదు.

మాకు పగలు తొమ్మిది గంటలు, మూడు ఫేజులు, ఓల్టేజీ నిలకడగా వస్తే చాలు. నాలుగెకరాలకు అంతకన్నా అక్కర్లేదు, బోరులో అన్ని నీళ్లు కూడా లేవు.

ఫిజిక్స్_సార్_నల్లగొండ

ఇప్పుడు అసలు సంగతికి వచ్చాం. ఏ రాష్ట్రమైనా ఎండాకాలంలో ఏసీల వల్ల పీక్ కొడుతుందని అనుకుంటాం. తెలంగాణలో 2024లోనూ 2025లోనూ పెద్ద పీక్ వచ్చింది మే నెలలో కాదు, మార్చిలో. 2025 మార్చిలో 17 వేల మెగావాట్లు దాటింది. ఏసీలు కొంత ఉండవచ్చు కానీ మార్చి అంటే యాసంగి వరి పొట్ట మీద ఉండే నెల. నీళ్లు ఒక్క రోజు కూడా తప్పకూడదు. రాష్ట్రంలో వ్యవసాయ కనెక్షన్లు 27 లక్షలకు పైగా ఉన్నాయి. మన దక్షిణ తెలంగాణలో కాలువ అందని చోటంతా బోరే.

ఒక 5 హెచ్‌పీ మోటరు గంటకు నాలుగు యూనిట్లకు పైగా తీసుకుంటుంది. ఎనిమిది గంటలకు 35 అనుకోండి. మొత్తం బొగ్గు నుంచే వస్తే రోజుకు 21 కిలోల బొగ్గు. యాసంగిలో వంద రోజులు నడిస్తే ఒక్క బోరుకు రెండు టన్నులు.

లిఫ్టుల లెక్క ఇంకా పెద్దది. ఒక టీఎంసీ నీళ్లు వంద మీటర్లు ఎత్తాలంటే పంపు నష్టాలతో కలిపి దాదాపు కోటి యూనిట్లు. అంటే 6 వేల టన్నుల బొగ్గు, ఒకటిన్నర రేకు. పాలమూరు-రంగారెడ్డిలో నార్లాపూర్ దగ్గర 2023 సెప్టెంబరులో మొదలుపెట్టిన మోటరు ఒక్కటే 145 మెగావాట్లు. అది తిరిగితే 30 వేలకు పైగా బోరు మోటర్లు ఒకేసారి తిరిగినట్టే. కల్వకుర్తి లిఫ్టులో ఎల్లూరు, జొన్నలబొగుడ, గుడిపల్లిగట్టు దగ్గర 30 మెగావాట్ల మోటర్లు ఒక్కో చోట అయిదేసి.

లిఫ్టులు వద్దని నేను అనడం లేదు. పాలమూరు జనం ఊళ్లు వదిలి ముంబై, పుణె పోయిన రోజులు మనం చూశాం. నీళ్లు రావాలి. కానీ మన ప్రాంతంలో బొగ్గు గురించి మాట్లాడటం అంటే నీళ్ల గురించి మాట్లాడటమే. ఈ మోటర్లు ఏ వేళకు తిరుగుతాయన్నది మార్చగలిగితే, ఎంత బొగ్గు తగ్గుతుందో ఆపరేటర్ గారి లాగ్‌బుక్కే చెప్తోంది.

చెలక_దేవరకొండ

సార్, మీరు లిఫ్టుల మాట ఎత్తారు కాబట్టి మా ఎస్ఎల్‌బీసీ సొరంగం కూడా రాయండి. పుట్టంగండి దగ్గర 18 మెగావాట్ల పంపులు నాలుగు పెట్టి సాగర్ నీళ్లు అక్కంపల్లికి ఎత్తుతున్నారు. మా కాలువలకూ అవే, హైదరాబాద్ తాగునీళ్లకూ అవే. శ్రీశైలం నుంచి 44 కిలోమీటర్ల సొరంగం పూర్తయితే నీళ్లు మోటరు లేకుండా వాలుకు పారుతూ వస్తాయి. ఏళ్లుగా దానికోసమే ఎదురుచూపు. 2025 ఫిబ్రవరి 22న కప్పు కూలి ఎనిమిది మంది పోయారు. వాళ్లది జార్ఖండ్, పంజాబ్, యూపీ, ఎక్కడెక్కడో. మా చెలకలకు నీళ్లు తేవడానికి వచ్చి పోయారు.

అచ్చంపేట_అడవి

ఆ సొరంగం కూలింది మా దోమలపెంట దగ్గరే. ఆ పేరు వస్తే మాకు ఇంకో రాత్రి కూడా గుర్తొస్తుంది. 2020 ఆగస్టు 20న శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో మంటలు లేచి తొమ్మిది మంది చనిపోయారు. మంటల్లోనే యూనిట్లను కాపాడాలని చూసిన ఇంజనీర్లు, సిబ్బంది ఉన్నారు వాళ్లలో. బొగ్గు కాని కరెంటుకు కూడా మనుషులు ప్రాణాలు పెట్టారని అందరికీ తెలియాలి.

ఆ కేంద్రంలో ఆరు యూనిట్లు, ఒక్కొక్కటి 150 మెగావాట్లు. అవి రెండు వైపులా తిరుగుతాయి. నీళ్లు దిగేటప్పుడు కరెంటు తీస్తాయి, కరెంటు మిగిలినప్పుడు అవే నీళ్లను కింద నుంచి పైకి తోస్తాయి. సాగర్‌లో కూడా ఎనిమిది యూనిట్లలో ఏడు అట్లాంటివే. పగలు సోలార్ మిగిలిన రోజు నీళ్లు పైకి ఎత్తి, సాయంత్రం ఏడింటికి దింపితే సార్ చెప్పిన ఆ నాలుగు గంటలకు బొగ్గు అవసరం తగ్గుతుంది. మిషన్లు ఎప్పుడో కట్టి ఉన్నాయి. కింద నీళ్లు నిలవాలి, అందుకే సాగర్ దిగువన సత్రశాల దగ్గర టెయిల్ పాండ్. రెండు రాష్ట్రాల మధ్య ఉన్న ఆనకట్టలు కావడంతో, ఎప్పుడు ఎంత నీరు దింపాలన్నదే గొడవ అయిపోతుంది. 2021లో డ్యాముల మీద పోలీసులను పెట్టుకునేదాకా పోయింది.

ఎవరైనా అణు విద్యుత్ అనే ముందు మా వైపు చూడాలని కోరుతున్నాను. దేశంలో దాని వాటా మూడు శాతం దగ్గరే. ముడి యురేనియం కోసం ముందు లంబాపూర్, పెద్దగట్టు అన్నారు, తర్వాత మా అమ్రాబాద్ అడవి అన్నారు. 2019లో చెంచుపెంటల నుంచి హైదరాబాద్ దాకా జనం లేస్తేనే అసెంబ్లీ వద్దని తీర్మానం చేసింది. సాగర్‌కు ఎగువన తవ్వే పని అది.

గద్వాల_కోట

జలవిద్యుత్ మీద మరీ ఆశ పెట్టుకోవద్దు. మా జూరాల 234 మెగావాట్లు, దిగువ జూరాల 240. వరద వచ్చినప్పుడు చూడ్డానికి పండగలా ఉంటుంది, మిగిలిన నెలల్లో టర్బైన్లు నిలబడే ఉంటాయి. 2023-24లో కృష్ణకు నీళ్లు సరిగా రాలేదు, ఆ ఏడాది లోటు అంతా బొగ్గుతోనే పూడ్చారు. కాకపోతే ఒక సంగతి కలిసొస్తుంది. లిఫ్టులు నడిచేది కూడా వరద నెలల్లోనే. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా జూరాల, శ్రీశైలం, సాగర్ తిరుగుతున్న గంటల్లోనే పాలమూరు లిఫ్టులు తిప్పితే నది కరెంటుతోనే నది నీళ్లు ఎత్తుకున్నట్టు అవుతుంది.

ఇక సోలార్ మంచిదే అంటూ అందరూ చెలకల వైపు చూస్తున్నారు. ఒక మెగావాట్‌కు నాలుగెకరాలు. మా గట్టు, ధరూర్ వైపు "ఖాళీ భూమి" అని కాగితాల్లో రాసేదంతా గొర్రెలు మేసే భూమి. కంచె వేశాక మంద చుట్టూ తిరిగి పోవాలి, నీళ్లకుంట లోపల పడిపోతుంది. ప్లాంటు కట్టేటప్పుడు ఆరు నెలలు కూలి దొరుకుతుంది, తర్వాత వాచ్‌మన్, ప్యానెళ్లు కడిగే నలుగురు. బొగ్గు వద్దన్నందుకు గొల్ల కురుమల బతుకు పోకూడదు కదా? పట్టా ఉన్నవాడికి కౌలు వస్తుంది, పట్టా లేకుండా మేపుకునేవాడికి ఏమీ రాదు. ఇది ఎవరూ లెక్కలో వేయడం లేదు.

మిల్లు_మిర్యాలగూడ

ఇది నాకు కొత్త సంగతి. నిజంగా ఆలోచించాల్సిందే. మిల్లు కప్పులు, గోదాముల కప్పులు, మార్కెట్ యార్డు షెడ్లు ముందు నింపండి. మా మిర్యాలగూడలోనే ఎన్ని ఎకరాల రేకుల కప్పులు ఎండుతున్నాయో వచ్చి చూడండి. భూమి జోలికి ఆ తర్వాత పోవచ్చు.

సంఘం_కల్వకుర్తి

నేను మహిళా సంఘం తరఫున అడుగుతున్నాను. సంఘాలతో ప్లాంట్లు పెట్టిస్తామని మీటింగ్‌లో చెప్పారు. మా గ్రామైక్య సంఘం పేరు మీద ఒక మెగావాట్ అంటున్నారు. ఖర్చు మూడు కోట్ల దాకా, అందులో ఎక్కువ భాగం బ్యాంకు లోన్. యూనిట్‌కు 3 రూపాయల 13 పైసలు ఇస్తారట. మా అక్కచెల్లెళ్లు రోజుకు వంద, యాభై పొదుపు చేసుకున్న సంఘం ఇది. మూడు కోట్ల మాట వినగానే అందరికీ టెన్షన్. బొగ్గు తగ్గాలి అన్నది మాకూ ఇష్టమే, మా పిల్లల కోసమే కదా. కానీ ఆ లెక్క నిలబడుతుందా?

ఫిజిక్స్_సార్_నల్లగొండ

అక్కా, 16 లక్షల యూనిట్లు వస్తే 3.13 చొప్పున ఏడాదికి 50 లక్షలు. లోన్ రెండున్నర కోట్లు, పదిహేనేళ్లు అనుకుంటే కిస్తీలకే 30 నుంచి 33 లక్షలు పోతాయి. వాచ్‌మన్, కడగడం, ఇన్సూరెన్స్, రిపేర్లు తీసేస్తే మిగిలేది ఉంటుంది కానీ ఎక్కువ ఉండదు. 16 బదులు 13 లక్షల యూనిట్లే వస్తే వచ్చేది 40 లక్షలే, లాభం, నష్టం మధ్య గీత దగ్గరికి వచ్చేస్తారు. అందుకని అడగాల్సింది ఎండ గురించి కాదు, ఎండ మన దగ్గర కావాల్సినంత ఉంది. లైన్ గురించి అడగాలి. అది ఆపరేటర్ గారే చెప్పాలి.

33కేవీ_నైట్‌షిఫ్ట్

సార్ సరిగ్గా పట్టుకున్నారు. అక్కా, గ్రిడ్ కరెంటు లేకపోతే మీ ప్లాంటు కూడా ఆగిపోతుంది. మంచి ఎండ ఉన్నా సరే, 33 కేవీ ట్రిప్ అయితే ఇన్వర్టర్లు వాటంతట అవే ఆగుతాయి. లైన్ మీద పనిచేసే మనిషికి షాక్ కొట్టకుండా అట్లా పెట్టారు, అది తీసేయడానికి లేదు. మధ్యాహ్నం ఒక గంట పోతే ఆ గంట డబ్బులు పోయినట్టే. ఏప్రిల్, మే గాలిదుమారాల్లో మా లైన్ ఎన్నిసార్లు పడుతుందో నాకు తెలుసు.

కాబట్టి సంతకం పెట్టకముందే మీ సబ్‌స్టేషన్‌కు పోయి లాగ్‌బుక్ చూపించమని ఏఈ గారిని అడగండి. గత ఏడాది పొద్దున తొమ్మిది నుంచి నాలుగు మధ్య 33 కేవీ ఎన్ని గంటలు లేదో అందులో ఉంటుంది. పవర్ ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం ఎన్ని ఎంవీఏ, దాని మీద ఇప్పటికే ఎంత సోలార్ కలిసిందో కూడా రాయించుకోండి. మీ ప్లాంటు నుంచి సబ్‌స్టేషన్‌కు లైను ఎంత పొడుగు ఉంటే అంత ఖర్చు, అంత నష్టం.

చెలక అన్నకు కూడా ఇదే మాట. చాలా ఊళ్లలో వ్యవసాయానికి, ఇళ్లకు ఒకటే ఫీడర్. వ్యవసాయ ఫీడర్ వేరు చేస్తేనే పగలు తొమ్మిది గంటలు గట్టిగా ఇచ్చి, రాత్రి ఊరికి మాత్రమే నడపగలం. గుజరాత్‌లో 2003లోనే జ్యోతిగ్రామ్ పేరుతో వేరు చేశారు. మహారాష్ట్రలో ఇప్పుడు వ్యవసాయ ఫీడర్ల పక్కనే సోలార్ పెట్టి పగలు ఇస్తున్నారు. మన దగ్గర సోలార్ ముందు వస్తోంది, ఫీడర్ తర్వాత అంటున్నారు. రెండూ కలిసి రాకపోతే మీ చెలకలో తయారైన కరెంటు పగలు మిగిలిపోతుంది, రాత్రి మోటరుకు మళ్లీ దామరచర్ల నుంచే రావాలి.

చెలక_దేవరకొండ

ఇప్పుడు నాకు తెలిసింది. లీజుకు వచ్చినతను ఫీడర్ మాట ఒక్కటి కూడా ఎత్తలేదు. రెండెకరాలు ఇచ్చి రెండెకరాలు ఉంచుకోవడం కుదురుతుందేమో అడుగుతాను. మా ఊరి బోర్లకు పగలు కరెంటు ఇచ్చే ఫీడర్‌కే ఆ ప్లాంటు కలపాలని కూడా అడుగుతాను. మా అబ్బాయికి ఈ చర్చ మొత్తం చదివించాను. "అయితే బొగ్గు పని అయిపోలేదు, తగ్గించే పని మిగిలి ఉంది" అన్నాడు. గొర్రెల సంగతి గద్వాల అన్న రాసింది కూడా గుర్తుంది, మా చెలక అంచున దారి ఉంది, కంచె దానికి ఇవతలే వేయమంటాను.

సంఘం_కల్వకుర్తి

ఆపరేటర్ తమ్ముడూ, లాగ్‌బుక్ చూపించమంటే మాకు చూపిస్తారా? ఆడవాళ్లం నలుగురం పోతే "మీకెందుకమ్మా" అంటారేమో.

33కేవీ_నైట్‌షిఫ్ట్

నలుగురు కాదు, పది మంది పోండి. సంఘం లెటర్‌హెడ్ మీద రాసి, రెండో కాపీ మీద స్టాంపు వేయించుకోండి. అప్పటికీ చూపించకపోతే సమాచార హక్కు కింద పది రూపాయలతో అడగొచ్చు. ఇంకొకటి, 33 కేవీ లైన్ పొడుగునా వేప, తుమ్మ కొమ్మలు ఎక్కడెక్కడ తగులుతున్నాయో నడిచి చూసి, స్తంభం నంబర్లు రాసుకుని ఆ ఉత్తరంలోనే పెట్టండి. గాలి మొదలు కాకముందే, అంటే మార్చిలోపు కొట్టించమనండి.